ఎంట్‌వైఫ్ నడుము మళ్ళీ బీట వేసింది

టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో ఎంట్‌లంటే నడిచే చెట్టు మనుషులు, వాళ్ళ ఆడవాళ్ళే ఎంట్‌వైఫ్‌లు. తోటలు పెంచి, తర్వాత కనబడకుండా పోయారు. అలాంటి ఒకామె మట్టిబొమ్మ చేస్తున్నాను. బీట అదే చోట, వీపు మీద, అడ్డంగా! కళ్ళు కుదిరాయి, జుట్టుకి వరిగడ్డి పీచు సరిపోయింది. ఈ నడుమే ప్రాణం తీస్తోంది.

టోల్కీన్ లెక్కలో ఎంట్‌ల పెద్ద ట్రీబియర్డ్ ఎత్తు కనీసం 14 అడుగులు. 1:35 స్కేలులో 12.2 సెం.మీ. ఎంట్‌వైఫ్‌ల ఎత్తు మాత్రం ఆయన చెప్పలేదు. చాకిరీకి వంగిపోయారని ట్రీబియర్డ్ అంటాడు కాబట్టి, వంగాక 10 సెం.మీ. ఉండేలా పెట్టాను.

లోపల 2 మి.మీ. జీఐ తీగ, పైన జల్లించిన గోదావరి ఒండ్రుమట్టిలో ఫెవికాల్ (జిగురు మాత్రం మార్చను). చేతులు 5 మి.మీ. మందం, అవి పగలట్లేదు. నడుము 14 మి.మీ. బీట వెంట్రుకలా మొదలై మర్నాటికి గోరు దూరేంత అవుతోంది. పైపొర ముందే బిగుసుకుని లోపల పచ్చిగా ఉండిపోతోందేమో. లేదా మట్టి కుంచించుకుంటుంటే తీగ కదలక, వంపు బయటివైపు లాగుడు పెరిగి తెగుతోందేమో. తడిగుడ్డ కప్పి నిదానంగా ఆరబెడితే బీట ఆలస్యమైంది, కానీ మన ఉక్కకి బూజు అదనంగా వచ్చింది. తీగకి జనపనార చుడితే కాస్త నయం. ఫ్యాన్ కింద పెట్టడం శుద్ధ దండగ. రెడీమేడ్ ఎయిర్‌డ్రై క్లే వాడమంటారు గానీ, ఆ ధరకి ఆ పట్టు చాలదు.

ఈసారి కొండపల్లి పద్ధతి. నడుము తెల్లపొణికి కర్రతో చెక్కి, పైన చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కు 3 మి.మీ. మించకుండా పూస్తాను.

అడుగు పలక బ్రౌన్ లాండ్స్, అంటే వాళ్ళ తోటలు కాలిపోయిన నేల. ఆ కథాకాలంలోని రెండో యుగం 3429–3441 నాటి యుద్ధంలో దుష్టప్రభువు సౌరాన్ తగలబెట్టినప్పుడు తోటలతో పాటే వాళ్ళూ పోయి ఉంటారని 1954లో టోల్కీన్ ఒక ఉత్తరంలో రాశాడు. కొందరు తూర్పుకి పారిపోయి ఉండొచ్చనీ అన్నాడు. అటు హాబిట్‌లనే పొట్టిమనుషుల నేల షైర్‌లోనేమో, ఉత్తరపు బీళ్ళలో నడిచే చెట్టుని చూశానని శామ్ అనే హాబిట్ దాయాది హాల్ చెప్పిన కబురుంది. నా ఓటు హాల్‌కే. కడియం నర్సరీల మధ్య పెరిగినవాణ్ణి, వరదకి మడి మునిగితే మళ్ళీ నారు పోసేవాళ్ళనే చూశాను. అందుకే బొమ్మ మొహం వాయవ్యానికి తిప్పి, చేతిలో మొక్కల కట్ట పెడుతున్నా. ఆ బరువుకి బొమ్మ ముందుకి తూలకుండా అరికాలి కింద సీసపు ముక్క వేయాలి.

ఇది నిలబడితే తర్వాత బాల్‌రోగ్, అంటే అదే కథలోని నిప్పు, నీడల భూతం. నీడ రెక్కల్లా పరుచుకుందని ఒకచోట, రెక్కలు గోడ నుంచి గోడకి చాచిందని వెంటనే మరోచోట ఉంది కదా, తమ్ముడు రేకుతో నిజం రెక్కలే చెయ్యమంటాడు. నేను నల్లరంగు అద్దిన దూది తెచ్చేశాను.