వెళ్ళిందా, అన్నయ్యగారూ?

రాజమహేంద్రవరం, నవంబరు 12, బుధవారం

గోదావరిలో కార్తిక స్నానం చేసి వచ్చిన మా ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టేసరికే వీధి అరుగు మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ పెన్షను తీసుకునే మా వంటివారు తాము జీవించి ఉన్నామని ఏటా ధ్రువపత్రం ఇవ్వవలసిన నెల ఇది. ఒకప్పుడు బ్యాంకుకు వెళ్ళి అధికారి ఎదుట సంతకం పెట్టేవాళ్ళం. 2014లో ఆ పత్రాన్ని ఆధార్‌తో పంపే జీవన్ ప్రమాణ్ పద్ధతి వచ్చాక వేలిముద్ర వేస్తే సరిపోయేది గాని, వయసు మీదపడి వేళ్ళ గీతలు అరిగిపోయినవారికి అదే పెద్ద కష్టమయింది. మూడేళ్ళ కిందట నా వేలిముద్రను కూడా యంత్రం నాలుగుసార్లు తిప్పికొట్టింది. ఒకనాడు టెలిగ్రాంలు పంపే మోర్సు మీట మీద పరుగులు తీసిన వేలు అది. ఆ రోజు ఇంటికి వచ్చి, ఫోనులో ముఖం చూపించి పత్రం పంపే పద్ధతిని మా మనవడి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అప్పటినుంచి ఈ పేటలో ఎవరికి అవసరమైనా నేనే చేసిపెడుతున్నాను.

1971లో, ఇరవై ఒకటో ఏట, తంతి తపాలా శాఖలో టెలిగ్రాఫిస్టుగా చేరాను. ఇ అక్షరానికి ఒక చుక్క, టి అక్షరానికి ఒక గీత అని మొదలుపెట్టి, నిద్రలో కూడా ఆ చప్పుళ్ళే వినిపించేటంతగా సాధన చేశాను. తరువాత టెలిప్రింటరు, ఆపైన కంప్యూటరు వచ్చాయి. 2010లో పదవీ విరమణ చేసేనాటికి నేను కోరుకున్న సూపరింటెండెంటు పదవి నాకు దక్కలేదు. నా తరువాత చేరినవారికి దక్కింది. ఆ బాధను ఏళ్ళ తరబడి మోశాను. పెళ్ళిళ్ళలో పాత మిత్రులు కనిపిస్తే, వారు ఏ హోదాలో దిగిపోయారో గుర్తుచేసుకుని నా స్థానం ఎక్కడో లెక్క కట్టుకునేవాణ్ణి. మూడేళ్ళు తిరగకుండానే, 2013 జూలైలో, దేశంలో టెలిగ్రాం సేవనే ఆపేశారు. నేను కోరుకున్న కుర్చీయే కాదు, అది ఉండవలసిన గది కూడా లేకుండా పోయింది. అప్పుడు నాకు ఊరట కలగలేదు, ఇంకా ఎక్కువ దుఃఖమే కలిగింది. ముప్ఫై తొమ్మిదేళ్ళ శ్రమకు గుర్తుగా చూపించుకోవడానికి ఏమీ మిగలలేదని అనుకున్నాను.

ఈ ఉదయం ఎందుకో 1977 నవంబరు గుర్తుకు వచ్చింది. అప్పుడు నేను విజయవాడలో పనిచేస్తున్నాను. 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. తంతులు తెగిపోయాయి. తమవారు బతికి ఉన్నారో లేదో తెలియక జనం మా కౌంటరు ముందు బారులు తీరారు. డబ్బు లేక రెండు మాటలు తగ్గించి రాసేవారు, చదువురాక మా చేతనే రాయించుకునేవారు, అందరూ చివరికి ఒకే మాట అడిగేవారు: "వెళ్ళిందా బాబూ?" దారి తెరుచుకునేదాకా వారికి ఏ జవాబూ చెప్పలేకపోయాను. ఆ తరువాత ఎంతోమంది పేర్లనూ ఊళ్ళనూ ఒక్క అక్షరం తప్పు పోకుండా పంపాను. ఆ పనిని నేను బాగా చేశాననే సంగతి, పదవి కోసం ఎదురుచూసిన అన్ని సంవత్సరాలలో ఒక్కసారైనా నాకు స్ఫురించలేదు. దాన్ని నేను నా విజయాల పద్దులో ఎన్నడూ రాసుకోలేదు.

పదకొండు గంటలకు చివరిగా వచ్చినావిడ మా శాఖలోనే లైన్‌మన్‌గా పనిచేసి కాలం చేసిన ఒకరి భార్య. ఆధార్ కార్డును, పెన్షను పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి, కొంగు కింద పెట్టుకుని తెచ్చింది. పత్రం పంపేవాడిగా ముందు నా ముఖం చూపించి, తరువాత ఆమె ముఖం చూపించాను. రెప్ప వేయమంటే ఆమె కళ్ళు గట్టిగా మూసుకునేది. రెండుసార్లు ఫోను తిరస్కరించింది. అరుగు మీద నీడగా ఉందేమోనని తులసికోట పక్కన ఎండలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, "చెల్లెమ్మా, మామూలుగా చూస్తూ ఒక్కసారి రెప్ప వేయి చాలు" అన్నాను. ఈసారి తీసుకుంది.

"వెళ్ళిందా, అన్నయ్యగారూ?"

"వెళ్ళిందమ్మా."

ఆ మాట నోట రాగానే నాకు గొంతు పట్టేసింది. ఆమె గమనించలేదు, కొంగుతో ముఖం తుడుచుకుని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ, ఈసారి మూడు నెలల నుంచీ దీని గురించే బెంగ పెట్టుకున్నానని చెప్పింది. ఇంతలో ఆమె ఫోనుకు ఆ ధ్రువపత్రం సంఖ్యతో సందేశం వచ్చింది. ఆ అంకెలను ఆమె పుస్తకం వెనక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాశాను. టెలిగ్రాంలో అంకెలు వస్తే తిరిగి చదివి సరిచూసుకోవడం మా అలవాటు కనుక, ఒక్కొక్క అంకెనూ పైకి చదివాను. ఆమె ఫోను చూస్తూ ఒక్కొక్కదానికీ తల ఊపింది.