కన్వర్టర్ ఫైనల్ 2

ఇవాళ ఆదివారం. పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం దాకా కంప్యూటర్ ముందే ఉన్నా, ఒక్క లైను కోడ్ రాయలేదు. పేరు కోసం కూర్చున్నా, అంతే.

మాది హనుమకొండలో చిన్న డీటీపీ సెంటర్. బాపు ఇరవై ఏళ్లుగా కొట్టిన పెళ్లి పత్రికలు, కరపత్రాలు అన్నీ పాత ఫాంట్లలోనే ఉన్నాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లో తెలుగులాగే కనిపిస్తుంది, అదే కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అన్నీ పిచ్చి గుర్తులు, ఎందుకంటే లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ అక్షరాలకు తొడిగిన తెలుగు బొమ్మలు. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లో, కంప్యూటర్లో తెరిచినా తెలుగుగానే ఉండే పద్ధతిలోకి మార్చే ప్రోగ్రాం ఆరు నెలలుగా రాస్తున్నా. ఎవరైనా వాడుకుంటారు, తప్పులుంటే దిద్దుతారు అని ఓపెన్ సోర్స్‌గా పెడదామంటే దాని పేరేమో 'కన్వర్టర్ ఫైనల్ 2'.

దోస్తుకి ఫోన్ చేస్తే "కాకతీయ అని పెట్టురా, మంచిగుంటది" అన్నాడు. వరంగల్లో యూనివర్సిటీ కాకతీయ, మెడికల్ కాలేజీ కాకతీయ, జూ పార్కు కాకతీయ, ఇక టిఫిన్ సెంటర్లకు లెక్కే లేదు. వెతికినవాడికి నాది దొరికినట్టే! పోతన అందామా అంటే, బమ్మెర మనకు దగ్గరే గానీ ఆ పేరుతో తెలుగు ఫాంట్ ఎప్పుడో వచ్చేసింది. ఒకరి పేరు ఇంకొకరు పెట్టుకుంటే తర్వాత తంటా. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పేరు మొదట ఫీనిక్స్, తర్వాత ఫైర్‌బర్డ్. రెండూ అప్పటికే వేరేవాళ్లు వాడుతున్నవి కావడంతో 2004లో మూడో పేరు వెతుక్కోవాల్సి వచ్చింది. కంప్యూటర్లను నడిపే లినక్స్‌కి, దాన్ని రాసిన టోర్వాల్డ్స్ అనుకున్న పేరు ఫ్రీక్స్. 1991లో ఫైళ్లు సర్వర్లో పెట్టిన ఆరి లెమ్కేకి అది నచ్చక ఫోల్డర్‌కి లినక్స్ అని పెట్టేశాడట. నా ఫోల్డర్‌కి అలాంటి దిక్కు కూడా లేదు.

అన్నం తినేటప్పుడు బాపుతో ఇదంతా చెప్పా. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో మై అంటే రాసినాయన కూతురి పేరని, తర్వాత చిన్న కూతురు మరియా పేరుతో మరియాడీబీ తెచ్చాడని చెప్తే, "బిడ్డల పేర్లు పెట్టుకున్నడా, మంచోడే" అన్నాడు. కాసేపాగి, "ఇంతకీ నీది ఏం పని చేస్తది?"

"పాత ఫాంట్లల్ల ఇరుక్కున్న మాటలను బయటికి తెస్తది బాపు."

"గదే గద తూము చేసేది."

చేతిలో ముద్ద అట్లనే ఆగిపోయింది. నర్సంపేట దిక్కు మా ఊరి చెరువు గుర్తొచ్చింది. నీరటి తాత నడుముకు తువ్వాల బిగించి తూము దగ్గర నీళ్లలో మునిగేవాడు, మేం కట్టకు అవతల వంగి రాళ్ల సందులోకి చూస్తుండేవాళ్లం, ముందు నాచు వాసన, తర్వాత కొంచెం బురద నీళ్లు, ఒక్కసారిగా బుసబుసమని ధార. చెరువు అంచుల దాకా నిండి ఉన్నా అప్పటిదాకా పొలానికి చుక్క రాదు. బాపు కొట్టిన పత్రికలూ అంతే, హార్డ్ డిస్కు నిండా ఉన్నాయి, ఒక్కటీ వెతికితే దొరకదు.

పేరు తూమే. ఇక స్పెల్లింగ్. ఇంగ్లిష్‌లో టీ, యూ, ఎం, యూ అని రాస్తే బయటివాళ్లు టుము అంటారు, టీ పక్కన హెచ్ పెట్టి రెండు ఓలు వేస్తే దూరం నుంచి ఇంగ్లిష్‌లో సమాధి అనే మాటలా ఉంది. అయినా హెచ్ ఉన్నదే పెట్టా. పిలవాల్సింది ముందు మనవాళ్లే కదా.

రాత్రి పేరు మార్చి, బాపు పాత పెళ్లి పత్రిక ఒకటి అందులో వేసి చూపించా. అన్నీ బాగానే వచ్చాయి, పెళ్లికూతురు లక్ష్మి మాత్రం 'లక్మి' అయ్యింది. బాపు కళ్లద్దాలు పైకి జరిపి, "తూముల ఏదో అడ్డం వడ్డట్టుంది, సూడు" అని పండుకోను పోయాడు.