ఇడ్లీ పాత్ర మూత

స్క్రీన్ మీది స్తూపానికి నాలుగో వైపు ఐదో ఆయక స్తంభం (స్తూపం ఒక్కో వైపు వరుసగా ఉండే ఐదు రాతి స్తంభాల్లో ఒకటి) నిలబెట్టానో లేదో, ల్యాప్‌టాప్ హ్యాంగ్. సేవ్ చేయలేదు.

టీ ఇవ్వడానికొచ్చిన అమ్మ స్క్రీన్ వంక చూసి, "ఏంట్రా అది, ఇడ్లీ పాత్ర మూతా?" అంది.

అమరావతి మహాచైత్యం అమ్మా, పాతకాలపు బౌద్ధ స్తూపం!

దాన్ని ల్యాప్‌టాప్‌లో మళ్లీ నిలబెడదామని రెండు వారాలుగా ఆ మూతతోనే, అంటే పైన గుమ్మటంతోనే, నా తంటా. అడుగున వ్యాసం దాదాపు 50 మీటర్లు, అది సరే. ఎత్తు? కొలుద్దామంటే అక్కడ గుమ్మటమే లేదు. 18వ శతాబ్దం చివర్లో ఇటుకల కోసం, రాళ్ల కోసం దిబ్బ తవ్వేశారు. మిగిలిన పలకలు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో.

అదృష్టం ఏంటంటే, ఆ పలకల మీదే స్తూపం బొమ్మ చెక్కి ఉంది. ద్వారం దగ్గర సింహాలు, వరుసగా ఐదు స్తంభాలు, పైన గొడుగులు. నా బ్లూప్రింట్ అదే. కాకపోతే శిల్పి పలకలో పట్టాలని అన్నీ దగ్గరికి నొక్కేశాడు (మహానుభావుడు, స్కేలు వేయలేదు). ఉన్నదున్నట్టు గీస్తే గుమ్మటం కోడిగుడ్డులా సాగుతోంది. కాస్త అణిస్తే అమ్మ చెప్పిన మూతే.

చివరికి అణిచిందే ఉంచాను. అమ్మకి చెప్పలేదు.