రికార్డులో జవాబు లేని ప్రాక్టికల్

మన జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ గురించి రాయమంటే ఎక్కువమంది సాల్ట్ ఎనాలిసిస్ గురించే రాస్తారు, ఆ కుళ్ళిన గుడ్ల వాసన అలాంటిది మరి. నాకు మాత్రం సెకండియర్‌లో సార్ సిలబస్ పక్కనపెట్టి చేయించిన హైడ్రోజన్ పెరాక్సైడ్ టైట్రేషనే గుర్తొస్తుంది, అంటే గాఢత తెలిసిన పర్మాంగనేట్ అనే ఊదా రంగు ద్రావణం ఎంత పడుతుందో చూసి పెరాక్సైడ్ ఎంతుందో కొలవడం. మామూలుగా టైట్రేట్ చేసే మోర్ సాల్ట్ (ఒక ఇనుప లవణం) అయినా ఆక్సాలిక్ యాసిడ్ అయినా రీడింగ్ ఎంత రావాలో సీనియర్ల రికార్డుల్లో చూసుకునేవాళ్ళం. పెరాక్సైడ్ దగ్గర ఆ పప్పులుడకవు, అది సీసాలో ఉండగానే నీరూ ఆక్సిజనూగా విడిపోతుంటుంది, పోయినేడాది జవాబు ఈ ఏడాదికి పనికిరాదు.

సార్ మెడికల్ షాపులో దొరికే సీసాలు రెండు తెచ్చారు. ఒకటి అప్పుడే కొన్నది, రెండోది ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో సగం వాడి, మూత వదులుగా పెట్టి వదిలేసింది. రెండింటి మీదా 20 వాల్యూమ్ అనే ఉంది, అంటే ఒక మిల్లీలీటరు పూర్తిగా విడిపోతే 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ రావాలి, శాతంలో చెప్పాలంటే సుమారు 6.

10 మిల్లీలీటర్లు తీసి 250కి పలుచన చేసి, అందులోంచి 20 మిల్లీలీటర్లు కోనికల్ ఫ్లాస్క్‌లోకి పిపెట్ చేసి, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపాం. హైడ్రోక్లోరిక్ ఎందుకు వద్దని ఎవరో అడిగితే, పర్మాంగనేట్ దాన్ని కూడా క్లోరిన్‌గా మార్చేస్తుంది, అప్పుడు రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది అన్నారు. ఆక్సాలిక్ యాసిడ్‌లాగా దీన్ని వేడి చేయకూడదు, చేస్తే కొలవాల్సిందే కాస్తా పోతుంది.

బ్యూరెట్‌లో, అంటే కొలతలున్న పొడవాటి గాజు గొట్టంలో, 0.1 నార్మల్ (నార్మల్ అంటే గాఢత కొలమానం) పర్మాంగనేట్. మొదటి చుక్క పడ్డాక ఆ ఊదా రంగు ఓ క్షణం అలాగే నిలబడుతుంది, తర్వాత తర్వాత పడీపడగానే మాయమైపోతుంది, ఎందుకంటే చర్యలో పుట్టిన మాంగనీస్ అయాన్లే చర్యను తొందరపెడతాయి. ఫ్లాస్క్ గోడలకి సన్నటి ఆక్సిజన్ బుడగలు అంటుకుని కనిపించేవి, కింద తెల్ల టైల్ పెట్టుకుని చుక్కచుక్కగా వదులుతుంటే చివరికి ఒక్క చుక్కకి లేత గులాబీ రంగు వచ్చి అర నిమిషం పోకుండా ఉండాలి, వేరే ఇండికేటర్ అక్కర్లేదు. ద్రావణం బాగా ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో పై అంచు చూసి రీడింగ్ తీసుకోమనేవారు. పక్క బెంచీ వాళ్ళకి యాసిడ్ చాలక గోధుమ రంగు మడ్డి వచ్చింది. అది మాంగనీస్ డయాక్సైడ్, పెరాక్సైడ్‌ని అదే విడగొట్టేస్తుంది కనుక పారబోసి మళ్ళీ మొదలుపెట్టించారు.

కొత్త సీసాకి 28.5 మిల్లీలీటర్ల దరిదాపుల్లో వచ్చింది. పాతదానికి 24. పాతదాని లెక్క వేస్తే ఫ్లాస్క్‌లోది 0.12 నార్మల్, 25 రెట్లు పలుచన చేశాం కాబట్టి సీసాలో 3 నార్మల్, ఒక నార్మల్ పెరాక్సైడ్ అంటే 5.6 వాల్యూమ్ కనుక దాన్ని 5.6తో గుణిస్తే 16.8 వాల్యూమ్. లేబుల్ మీద మాత్రం 20! అంతకుముందు మేం రాసిన రీడింగులన్నీ రావాల్సిన రీడింగులు, ఇది మాత్రం మేం కనుక్కున్నది. అప్పటి ఆ సంతోషం మామూలుది కాదు, బస్సులో ఇంటికి వెళ్తూ కూడా అదే మాట్లాడుకున్నాం.

ఇప్పుడు నేను ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నాను, టైట్రేషన్లు చాలావరకు మెషీన్లే చేస్తాయి. అయినా కొత్తగా చేరిన పిల్లలకి ముందు చేత్తో ఇదే చేయిస్తాను. మన కాలేజీలో ఇప్పుడు చెబుతున్న లెక్చరర్లకి ఒక మనవి, సిలబస్‌లో లేకపోయినా ఏడాదికొకసారి దీన్ని చేయించండి. సీసాలకీ బ్యూరెట్లకీ అయ్యే ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది.