షట్టర్‌కి ఉప్పునీటి అభిషేకం: నా అనుభవం

మొన్న సాయంత్రానికి రెండో కోటు ఆరింది. ఇవాళ పొద్దున ఒంటి చేత్తో లాగితే షట్టర్ సర్రున పైకెళ్లిపోయింది. దీనికోసం రెండు నెలలు తిరిగాను, పద్నాలుగు వేల చిల్లర వదిలింది. సర్వీసులో కూడబెట్టుకున్న పరువు కూడా కొంత పోయింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది బాపట్ల. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. 2021 నుంచి చెన్నై పాలవాక్కంలో మా అబ్బాయి దగ్గరే ఉంటున్నాం. మేడెక్కితే సముద్రం కనబడుతుంది. వచ్చిన చుట్టాలంతా ‘అదృష్టమంటే మీదేనండీ’ అని కాఫీ తాగి వెళ్లేవాళ్లు. మా ఊరికీ సముద్రం ఉంది, కానీ సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. అలల నుంచి లేచే ఉప్పు తుంపరలో ఎక్కువ భాగం ఒడ్డుకి దగ్గర్లోనే రాలిపోతుంది. ఎక్కడ రాలుతుందో సరిగ్గా అక్కడే మావాడు ఇల్లు కొన్నాడు.

కారు షెడ్డుకి జీఐ రేకు, అంటే జింకు పూత వేసిన ఇనప రేకు రోలింగ్ షట్టర్. మొదటి ఏడాది మెరిసిపోయింది. రెండో ఏడాది తెల్లటి పొడి లేచింది. అది జింకు పూత కరిగిపోతున్న గుర్తు. ఇనుముకి బదులు తను బలైపోతుందది, దాని ఉద్యోగమే అంత. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, వెళ్లి వెళ్లి మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇక్కడ ఇల్లు, అక్కడ ఊరు, రెండూ దానికే దొరికాయి. షట్టర్ అడుగు పట్టీ రెండు రోజులు నీళ్లలో నానింది. అక్కణ్నుంచి ఎర్ర తుప్పు మొదలైంది.

మావాడు ‘కొత్తది వేయిద్దాం నాన్నా’ అన్నాడు. తుప్పు పాఠం చెప్పినవాణ్ని, నేనుండగా కొత్తదెందుకు? తుప్పుకి కారణం ఉప్పు. ఉప్పు నీళ్లలో కరుగుతుంది. కాబట్టి వారం వారం నీళ్లతో కడిగితే సరి. లాజిక్‌లో తప్పుందా? లేదు. ప్రతి ఆదివారం ఏడింటికి లుంగీ ఎగ్గట్టి, బయట కుళాయికి గొట్టం తగిలించి, పట్టీ పట్టీ మధ్యా కొట్టి కడిగేవాణ్ని. పక్కింటాయన వాకింగుకి వెళ్తూ ఆగి చూసేవాడు. ఆయనకీ ఈ ఉపాయం చెప్పాను. పాపం, ఆయనా మొదలెట్టాడు.

రెండేళ్లు ఇలా చేశాను. తుప్పు తగ్గలేదు సరికదా, షట్టర్ అంచులు జారే పక్క గాడి, అదే గైడు చానెల్, దాని లోపల పొరలు పొరలుగా ఊరింది. ఇంకా గట్టిగా కడగాలి కాబోలు అనుకుని వారానికి రెండుసార్లు చేశాను.

ఈ సంక్రాంతికి ఊరెళ్దామని భోగికి ముందురోజు తెల్లవారుజామున నాలుగున్నరకి సామాను కార్లో సర్దాం. షట్టర్ మోకాలెత్తు లేచి ఆగిపోయింది. పైకీ రాదు, కిందికీ రాదు. కారు లోపల, మేం బయట. మావాడు పాక్కుంటూ లోపలికెళ్లి నెట్టాడు, నేను బయట్నుంచి లాగాను. చివరికి ఎదురింటి వాచ్‌మన్ గడ్డపార తెచ్చి ఎత్తితే ఆరున్నరకి బయటపడ్డాం. అడుగు పట్టీ వంకరపోయింది. ఒంగోలు దాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు.

తిరిగొచ్చాక షట్టర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. పేరు రాయను, రాసినా వాళ్లకేం సిగ్గు ఉండదు. తొమ్మిది రోజులకి టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. వేలితో కూడా ముట్టుకోలేదు. ఫోటోలు తీసుకుని, కొత్త మోటారు షట్టరుకి అరవై ఎనిమిది వేలు ఎస్టిమేట్ పంపాడు. వారంటీ అడిగితే కార్డు వెనక చీమల బారులాంటి అక్షరాలు చూపించాడు. సముద్ర తీరంలో తుప్పుకి వర్తించదట. సముద్రం పక్కనే అమ్మి, సముద్రం పక్కన పనికిరాదని రాసుకోవడం ఏం నీతి? ఏసీ షోరూముల్లో షట్టర్ కొనకండి. కొనక తప్పకపోతే చదరపు మీటరుకి జింకు ఎన్ని గ్రాములో బిల్లు మీద రాయించుకోండి. 120 అంటే లేచి వచ్చేయండి, 275 దొరుకుతుంది. అడిగేవాడు లేకే వాళ్ల ఆటలు సాగుతున్నాయి.

అప్పుడు మా పాలబ్బాయి తిరువాన్మియూరు నుంచి ఒక పెద్ద మెకానిక్కుని పంపాడు. అరవై దాటిన మనిషి, భుజాన ఒక గోనెసంచి. వాళ్లమ్మది తిరుత్తణి వైపట, తెలుగు బాగానే వచ్చు. అదే నా కొంప ముంచింది. తమిళమే అయితే మాటలు వెతుక్కుంటూ కాస్త ఒద్దికగా ఉండేవాణ్నేమో. తెలుగు వచ్చనగానే పాఠం మొదలెట్టాను. ఆనోడు, కేథోడు, క్లోరైడు అయాన్లు, ఎలక్ట్రాన్లు ఎటు పోతాయి, జింకు ఎందుకు ముందు పోతుంది, అన్నీ చెప్పాను. ఆయన తలూపుతూ విన్నాడు. మధ్యలో ఒకసారి బీడీ వెలిగించుకోబోయి, మా ఆవిణ్ని చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

అంతా అయ్యాక, ‘సార్, మీరు దీన్ని కడుగుతారా?’ అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు గొట్టం తీసి, కుళాయి తిప్పి, ఎలా కడుగుతానో చేసి చూపించాను. వాకిట్లో మా ఆవిడ, కోడలు, మనవరాలు. గేటు బయట పక్కింటాయన.

మెకానిక్కు గొట్టం కింద దోసిలి పట్టి, ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించి పక్కన ఉమ్మేశాడు. ‘ఉప్పు కరిక్కుదు సార్’, అంటే ఉప్పగా ఉందని, అన్నాడు తమిళంలో, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత తెలుగులో, ‘సముద్రం వచ్చి కొట్టేది చాలక మీరు కూడానా?’ అన్నాడు.

బోరు నీళ్లు! తీరం వెంబడి బోర్లలోకి సముద్రపు నీరు చొరబడుతుందని చెన్నైలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. తాగడానికీ వంటకీ మెట్రో వాటర్, అది సంపులో ఉంటుంది, దానికి మా ఆవిడ కాపలా. మిగతా అన్నిటికీ బోరు. నేను గొట్టం తగిలించింది ఆ బోరు కుళాయికే. రెండేళ్లపాటు పట్టీల మెలికల్లోకి ఉప్పునీళ్లు కొట్టి, ఎండబెట్టి, ఉప్పు మాత్రం అక్కడే మిగిల్చి, మళ్లీ ఆదివారం మళ్లీ కొట్టాను.

ఇదొక్కటీ అయితే మింగేసేవాణ్ని. వెనక నుంచి మా ఆవిడ అందుకుంది. ‘వచ్చిన కొత్తలోనే చెప్పాను కదండీ, ఆ నీళ్లకి కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు అని! కుళాయి మూతికి తెల్లగా పేరుకుంటోందని చూపించలేదూ?’

సబ్బు నురగ రాకపోవడం, పప్పు ఉడక్కపోవడం అంటే కఠిన జలం. ఏటా జూలైలో నేను చెప్పే పాఠం. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. ఎన్ని వేలమందికి దిద్దానో! ఇంట్లో మనిషి నోటితో చెబితే అది కెమిస్ట్రీ అని తోచలేదు, ఆడవాళ్ల సణుగుడు అనుకున్నాను. కోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. పక్కింటాయన గేటు దగ్గర నుంచి నన్ను చూసిన చూపు మాత్రం మర్చిపోలేను. ఆయన షట్టరూ పోయింది మరి.

పెద్దాయన ఇంకొకటి కూడా చూపించాడు. మేడ మీద మెట్ల గ్రిల్లుకి గొడుగంటూ లేదు, వానలో తడుస్తుంది. అది షట్టర్ కంటే నయంగా ఉంది. షట్టర్ మీద సన్‌షేడ్ ఉంది. వాన తగలకుండా కాపాడామనుకున్నాం. నిజానికి వాన మంచినీళ్లు, వచ్చి ఉప్పు కడిగి పోతుంది. సన్‌షేడ్ కింద ఉప్పు పేరుకునే ఉంటుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చడం చూశారుగా, గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనే నీరైపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, దానికి అంత తేమ కూడా అక్కర్లేదు. అంటే ఈ ఊళ్లో చాలా రాత్రుళ్లు వాన పడకుండానే షట్టర్ తడిసి ఉంటుందన్నమాట. ఈ వివరణ నాది. ఆయన ‘వానకి వదిలేసింది బతికింది సార్’ అని మాత్రమే అన్నాడు.

స్ప్రింగు, అడుగు పట్టీ, కింది మూడు పట్టీలు మార్చడానికి ఒక్క పూట పట్టింది.

పెయింటు దగ్గర మళ్లీ చిన్న దెబ్బ తిన్నాను. ఏడాది క్రితం నేనే మిగిలిన జింకు మీద గేటు ఎనామిల్ పూశాను. అది అప్పడాల్లా లేచిపోయింది. పెయింట్ల కంపెనీలో మంచి హోదాలో ఉన్న నా శిష్యుడొకడికి ఫోన్ చేశాను. నా దగ్గర చదివినవాళ్లు లేని కంపెనీ తక్కువ, అది వేరే సంగతి. వాడు, ‘జింకు మీద నూనె ఎనామిల్ వేస్తే సబ్బవుతుంది మాస్టారూ, సపోనిఫికేషన్ మీరే చెప్పారుగా’ అన్నాడు. ముందు జీఐకి పట్టే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పీయూ (పాలీయురేథేన్) పెయింట్ వేయమన్నాడు.

పెయింటర్ ఫోన్లో ‘ఉప్పుత్తాళ్ వాంగి వైంగ’ అన్నప్పుడు ఒక్క క్షణం గుండె ఆగింది, మళ్లీ ఉప్పా అని. తమిళంలో గరుకు కాగితాన్ని అలా అంటారు. పెయింటర్లని మాత్రం నమ్మకండి. రుద్దిన వెంటనే ప్రైమర్ కొట్టేయాలని చూస్తారు. రుద్దాక మంచినీళ్లతో కడగాలి, లేకపోతే తుప్పు గుంటల్లో దాక్కున్న ఉప్పు పెయింటు కిందే పొక్కులు లేపుతుంది. నేను కుర్చీ వేసుకుని కూర్చుని మూడుసార్లు కడిగించాను, మెట్రో వాటర్‌తోనే. తేమ 85 శాతం దాటితే డబ్బా మూత తియ్యనివ్వలేదు. పది నుంచి మూడు లోపలే పని. ఆ తర్వాత సముద్రపు గాలి తిరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అసలు ఆలోచన కూడా పెట్టుకోవద్దు.

గైడు చానెల్‌కి గ్రీజు పూయకండి, ఇసుక అంటుకుని ఉప్మాలా తయారవుతుంది. సిలికాన్ స్ప్రే చాలు. తాళం కొక్కేనికి స్టెయిన్‌లెస్ స్టీలు అడిగితే పారీస్ బజార్లో కొట్టువాడు ‘అంతా ఒకటే సార్’ అన్నాడు. ఒకటి కాదు. 304 రకం స్టీలు కూడా ఈ గాలికి టీ మరకల్లా మచ్చలు పడుతుంది. మాలిబ్డినం కలిసిన 316 తీసుకోండి.

మూడొందలు పెట్టి టీడీఎస్ మీటరు కొన్నాను, లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగాయో చూపిస్తుంది. బోరు 2,840 చూపించింది. తాగే నీటికి 500 లోపుంటే మంచిదని మన ప్రమాణం. పక్కింటాయన ఆ మీటరు అరువు తీసుకెళ్లాడు, ఏమీ మాట్లాడకుండానే తిరిగిచ్చాడు.

ఇప్పుడు ఆదివారానికి రెండు బకెట్లు మంజూరయ్యాయి, సంపు నుంచి. మూడోది అడిగితే ‘వంటకేం పెట్టుకోను?’ అంటుంది మా ఆవిడ. ఇవాళ బకెట్లో గుడ్డ ముంచబోతుంటే మనవరాలు మీటరు పట్టుకుని అడ్డంగా నిలబడింది. ‘ముందు చూపించు తాతయ్యా’ అంది. చూపించాను. 214. సరే, కడుక్కోమంది.