బురుజులు కనిపించాక ఇంకా ఎంత దూరం

పోయిన ఆదివారం పొద్దున నంది కొండ కింద భోగనందీశ్వరుడి గుడి దగ్గర పరుగు ముగించుకుని టిఫిన్ చేస్తుంటే మా గ్రూపులో కొత్తగా చేరిన చిత్తూరు అబ్బాయి అడిగాడు, "అక్కా, మీరు ఇటలీలో పరిగెత్తారంట కదా, వచ్చే ఏప్రిల్లో మేం పోతున్నాం, ఏ రూటు మంచిది?" అని. ఇడ్లీ తింటూ చెప్పేసే సంగతి కాదు, రాత్రికి రాసి పెడతానన్నాను. ఆ రాత్రి అన్నది వారం అయింది. ఇదిగో తమ్ముడూ, నీకోసమే.

రోమ్‌లోనో ఫ్లోరెన్స్‌లోనో నది పక్కన పొద్దున్నే ఐదారు కిలోమీటర్లు పరిగెత్తి రావడం బాగానే ఉంటుంది, కాదనను. కానీ నీకు ఉన్నవి మూడు నాలుగు రోజులే అయితే అవన్నీ వదిలేసి టస్కనీ కొండల్లోకి వెళ్ళు. సియెనా అనే ఊళ్ళో రూమ్ తీసుకో. మేం అలాగే చేశాం, నేనూ మా వదినా. వదిన హిందూపురంలో టీచరు, వయసు 52, పరుగు మొదలుపెట్టి మూడేళ్ళే అయింది, ఎక్కాల్సి వస్తే నడుస్తుంది, దిగేటప్పుడు నాకన్నా ధైర్యంగా పరిగెత్తుతుంది.

అక్కడ ఒక పాత దారి ఉంది, వియా ఫ్రాంచిజెనా అంటారు. ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ నుంచి రోమ్ దాకా యాత్రికులు నడిచిన దారి. 990లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిగెరిక్ రోమ్ వెళ్ళి పోప్‌ను కలిసి తిరిగొచ్చేటప్పుడు ఏ ఏ ఊళ్ళలో ఆగాడో వరసగా రాయించి పెట్టాడు. మొత్తం 79 మజిలీలు. ఆ దూరాన్ని 79తో భాగిస్తే సగటున రోజుకు 20 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. నాకు ఈ లెక్క తెలిసిన దగ్గర్నుంచి ఆ దారి మీద ఇష్టం రెట్టింపయింది, ఎందుకంటే అది బండ్ల లెక్కతోనో కార్ల లెక్కతోనో వేసిన దారి కాదు, మనిషి కాళ్ళ లెక్కతో పడిన దారి. ఒంట్లో సత్తువ అయిపోయే చోటికి ఒక మఠం వస్తుంది, లేకపోతే ఒక కోట, ఒక నీళ్ళ పంపు. మన దగ్గర కూడా నంది కొండకి తారు రోడ్డు మీద ఎక్కితే ఒకలా ఉంటుంది, సుల్తాన్‌పేట వైపు పాత మెట్ల దారిన ఎక్కితే ఇంకోలా ఉంటుంది, ఎక్కినవాళ్ళకి తెలుసు. మెట్ల దారిలో ఆయాసం వచ్చే చోట మంటపం ఉంటుంది.

మొదటి రోజు బస్సులో కొల్లె ది వాల్ దెల్సా అనే ఊరికి పోయి అక్కడి నుంచి మోంటెరిజ్జోని దాకా పరిగెత్తాం. (బస్సు టికెట్టు ఎక్కకముందే కొనుక్కోవడం మేలు, 'టబాకి' అని పెద్ద టి అక్షరం బోర్డు ఉన్న దుకాణాల్లో అమ్ముతారు.) దారంతా ఎరుపు తెలుపు పట్టీల గుర్తులు చెట్లకీ రాళ్ళకీ వేసి ఉంటాయి, తప్పిపోయే భయం లేదు. మధ్యలో అబ్బాదియా ఆ ఇసోలా అనే చిన్న మఠం, 1001లో కట్టింది. ఇసోలా అంటే ద్వీపం, అప్పట్లో చుట్టూ చిత్తడి నేల ఉండేదట. మఠం కట్టకముందే ఇక్కడున్న ఊళ్ళో సిగెరిక్ ఆగాడు. అక్కడ రాతి గోడకి ఆనుకుని కూర్చుని నీళ్ళు తాగి లేచి, ఊరు దాటి మైదానంలోకి వచ్చామో లేదో, ఎదురుగా గుట్ట మీద మోంటెరిజ్జోని కోట. గోడ, గోడ పొడుగునా బురుజులు. వదిన ఆగిపోయి, "మన పెనుకొండే గుర్తొచ్చింది" అంది.

ఈ కోటను సియెనా వాళ్ళు 1213లో మొదలుపెట్టి 1219 కల్లా కట్టేశారు, ఫ్లోరెన్స్ వాళ్ళను ఆపడానికి. గోడ చుట్టుకొలత 570 మీటర్లు, 14 బురుజులు. ఇటలీ కవి డాంటే తన కావ్యంలో నరకపు గుంత చుట్టూ నిలబడ్డ రాక్షసులను ఈ బురుజులతోనే పోల్చాడు. దూరం నుంచి చూస్తే ఆ పోలిక ఎందుకు తట్టిందో అర్థమవుతుంది, నడుముల దాకా భూమిలో దిగబడి తలలు పైకెత్తినట్టే ఉంటాయి. కానీ పరిగెత్తేవాళ్ళకి వాటితో ఇంకో కష్టం ఉంది. అవి కనిపించగానే వచ్చేశాం అనిపిస్తుంది. ఇంకా మూడు నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. పొలం గట్టు మీద పోతూ ఉంటే కుడి పక్కన ఉన్న కోట ఆలివ్ చెట్ల వెనక్కి పోయి, పది నిమిషాల తర్వాత ఎడమ పక్కన తేలుతుంది, పరిమాణం మాత్రం అంతే. ఆఖరికి గుట్ట కిందికి వచ్చాక రాళ్ళు పరిచిన నిట్టనిలువు దారి. వదిన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. "ఇంకా కొంచెమే ఉంది వదినా" అన్నాను. "ఆ మాట అరగంట నుంచి చెప్తున్నావు" అంది. కానీ ఎక్కింది.

ఆ సాయంత్రం కోట ద్వారం పక్కన గోడకి వీపు ఆనించి కూర్చున్నాం. ఎండంతా పీల్చుకున్న రాయి, పొద్దు గూకినా వెచ్చగానే ఉంది, పట్టేసిన నడుముకి కాపడం పెట్టినట్టు ఉంది. బస్సుల్లో వచ్చినవాళ్ళు ఫోటోలు దిగి వెళ్ళిపోయాక లోపల అడుగుల చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. ఒక్క రాత్రి అక్కడే ఉండమని గట్టిగా చెప్తాను.

రెండో రోజు అక్కడి నుంచి సియెనాకి 20 కిలోమీటర్లు. నీకు ఒక్క రోజే ఉంటే ఇదొక్కటే చెయ్యి. ముందు ఓక్ అడవి, తర్వాత పియాన్ దెల్ లాగో అనే చదునైన మైదానం వస్తుంది. పేరులో లాగో అంటే సరస్సు. నిజంగానే సరస్సు ఉండేది, 18వ శతాబ్దంలో కొండ కింద నుంచి సుమారు రెండు కిలోమీటర్ల సొరంగం తవ్వి ఆ నీళ్ళను బయటికి పంపేశారు. ఎండిన సరస్సు అడుగున పరిగెత్తుతున్నానని తెలిసేసరికి నాకు మన బెంగళూరే మెదిలింది. మెజెస్టిక్ బస్టాండు ఉన్నది ధర్మాంబుధి చెరువులో, కంఠీరవ స్టేడియం ఉన్నది సంపంగి చెరువులో. నేను మొదటిసారి పది కిలోమీటర్ల రేసు పరిగెత్తింది ఆ కంఠీరవ చుట్టుపక్కలే, అప్పుడు కాళ్ళ కింద చెరువు ఉందన్న సంగతే తెలియదు. వాళ్ళు అక్కడ నీళ్ళు పోయిన చోట ఒక రాతి స్తంభం నిలబెట్టి ఉంచారు. మనం ఆ పని కూడా చెయ్యలేదు, నాకు అది బాధ.

సియెనాలోకి ఉత్తరం నుంచి పోర్తా కమోలియా ద్వారం గుండా వెళ్తాం. ద్వారం పైన లాటిన్‌లో చెక్కి ఉంటుంది: సియెనా తన గుండెను నీకోసం ఇంతకన్నా పెద్దగా తెరుస్తుంది అని. 20 కిలోమీటర్లు వచ్చి, చెమటతో, దుమ్ముతో తలెత్తి ఆ మాట చదవడం వేరు, కారు దిగి చదవడం వేరు. అక్కడి నుంచి వీధి వెంట నేరుగా పోతే కాంపో మైదానం, గవ్వ లోపలి భాగంలా వాలుగా ఇటుకలు పరిచిన కూడలి, తొమ్మిది భాగాలుగా. జులై 2న, ఆగస్టు 16న ఇక్కడే మట్టి పోసి గుర్రప్పందేలు జరుపుతారు. ఆ వాలు మీద వెల్లకిలా పడుకుంటే ఎవరూ ఏమీ అనరు, ఊళ్ళోవాళ్ళు కూడా అలాగే పడుకుంటారు.

తర్వాతి రెండు రోజులు దక్షిణాన ఓర్చా లోయ. 2004లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఫోటోల్లో కనిపించే సైప్రస్ చెట్ల వరసలూ పచ్చటి గుండ్రటి గుట్టలూ ఇక్కడివే. ఊళ్ళన్నీ గుట్టల నెత్తి మీద ఉంటాయి, శత్రువు దూరం నుంచే కనపడాలని అలా కట్టుకున్నారు, కాబట్టి ఏ రూటు ఎంచుకున్నా చివరి కిలోమీటరు ఎక్కుడే. పేస్ గురించి, అంటే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పడుతోందని టెన్షన్ పడేవాళ్ళు వాచీ రూమ్‌లో పెట్టేసి రావడం మేలు. తెల్ల కంకర దారులు పొడిగా ఉంటే హాయిగా ఉంటాయి. వాన పడితే మాత్రం పొలాల దారి పట్టకు. మూడో రోజు రాత్రి వాన కురిసింది, నేను వినకుండా అడ్డదారిన దించాను. బూడిద రంగు బంకమట్టి. వంద అడుగులు వేసేసరికి ఒక్కో షూ కింద దిమ్మలా పేరుకుపోయింది, పుల్లతో గీకితే గడ్డిపరకలతో సహా అట్టలు అట్టలుగా ఊడింది, ఇంకో వంద అడుగులకి మళ్ళీ అంతే. నల్లరేగడి చేలో వానకి చిక్కుకున్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎనిమిది కిలోమీటర్లు అనుకున్నది రెండున్నర గంటలు పట్టింది.

ఆ మట్టి కాళ్ళతోనే బాన్యో విన్యోని చేరాం. ఊరి నడిబొడ్డున కూడలి ఉండాల్సిన చోట రాతి కోనేరు ఉంది, దాంట్లోంచి ఆవిరి లేస్తోంది. భూమిలోంచి దాదాపు 50 డిగ్రీల వేడితో వచ్చే నీళ్ళు. కోనేట్లో దిగనివ్వరు, అది మంచిదే. ఆ నీళ్ళు ఊరి అంచుకి సన్నటి కాలువల్లో పారి, పాత మర మిల్లుల దగ్గర కొండ కిందికి దూకుతాయి. ఆ కాలువ గట్టు మీద కూర్చుని గోరువెచ్చటి నీళ్ళలో పిక్కల దాకా పెట్టుకోవచ్చు. అరగంట కూర్చున్నాం. వదిన కళ్ళు మూసుకుని, "లేపాక్షి జాతరకి నడిచిపోయిన రోజు మా అమ్మ వేడినీళ్ళు పోసింది" అని మాత్రం అంది.

పియెంజా కూడా చూడు, 15వ శతాబ్దంలో ఒక పోప్ తాను పుట్టిన కోర్సిన్యానో అనే పల్లెను కొత్తగా కట్టించి తన పేరు పెట్టుకున్న ఊరు. అక్కడి పెద్ద చర్చి కూడా ఆ బంకమట్టి వాలు మీదే ఉంది, వెనక భాగం ఎప్పటి నుంచో కుంగుతూ ఉంది. సాన్ జిమిన్యానో గురించి అందరూ చెప్తారు, 72 దాకా ఉండేవని చెప్పే ఎత్తైన ఇళ్ళ గోపురాల్లో 14 మిగిలాయి, అద్భుతమే, కానీ జనం. పొద్దున ఏడు లోపల పోతే పరిగెత్తగలవు.

ఏప్రిల్, మే, లేదంటే సెప్టెంబరు ఆఖరు నుంచి. జులై ఆగస్టుల్లో నీడ లేని దారుల్లో పడొద్దు. లీటరు నీళ్ళు వీపున ఉండాలి, పంపు మీద 'నోన్ పొతాబిలె' అని ఉంటే తాగకూడదు. రేసు నంబరు వేసుకుని పరిగెత్తాలని ఉంటే అక్కడ డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు, ఇక్కడే చేయించుకుని పో.

ఆఖరి రోజు పరుగు పెట్టుకోలేదు. కాంపో కూడలిలోని పాత నగర పాలక భవనంలో ఒక గోడ నిండా అంబ్రోజో లోరెంజెత్తి 1338, 1339లో వేసిన చిత్రం ఉంది. మంచి పాలన ఉంటే ఊరు ఎలా ఉంటుంది, ఊరి బయట ఎలా ఉంటుంది అని. ఊరి ద్వారం, ద్వారం నుంచి గుట్టల మీదుగా దిగే దారి, ద్రాక్షతోటలు, కోతలు, నూర్పిళ్ళు. మేం నాలుగు రోజులుగా కాళ్ళతో కొలిచిన కొండలే. ద్వారానికి కాస్త కింద ఒక మనిషి నల్లటి పందిని తోలుకుంటూ ఎక్కుతున్నాడు, పంది భుజాల మీదుగా తెల్లటి పట్టీ. వదిన ఆ మనిషి దగ్గరే ఆగిపోయింది. చాలాసేపు చూసి, పక్కన నేనున్న సంగతి మరిచిపోయినట్టు, "ఇంకా కొంచెమే ఉంది నాయనా" అంది.