43 గోల్స్ తిన్న టీమ్‌లో బెస్ట్ డిఫెండర్ ఎవరు?

నిన్న రాత్రి బామ్మర్దితో గంటసేపు వాదన. 2023-24 ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన మన ఫుట్‌బాల్ టీమ్ హైదరాబాద్ ఎఫ్‌సీలో డిఫెన్స్ అవార్డు ఇవ్వాల్సి వస్తే ఎవరికివ్వాలి? 22 మ్యాచ్‌ల్లో 43 గోల్స్ తిని, ఒకే ఒక్కటి గెలిచి (అదీ చెన్నై వెళ్లి 1-0తో) అట్టడుగున మిగిలిన టీమ్ అది.

వాడు గోల్‌కీపర్ కట్టిమణి అన్నాడు. "గోల్‌కీపర్ డిఫెండరేంట్రా?" అన్నాను. "మిగతా వాళ్లు వదిలేసినవన్నీ ఆపింది ఎవరు బావా?" అన్నాడు. 2022 లీగ్ ఫైనల్ షూటౌట్లో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చిన రాత్రి ఇద్దరం అరిచిన అరుపులు గుర్తొచ్చి కాసేపు మెత్తబడ్డాను. కానీ అది పాత బాకీ, ఈ సీజన్ లెక్కలో కలపకూడదు.

నా ఓటు డిఫెండర్ అలెక్స్ సాజీకి. సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, జొవావ్ విక్టర్ తప్ప. సీనియర్ సెంటర్‌బ్యాక్ (గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్) చింగ్లెన్‌సనా కూడా జనవరిలో వెళ్లాడు. ఈ వయనాడ్ కుర్రాడు మాత్రం ఉండిపోయాడు. తప్పులు చేయలేదా? చేశాడు. ముందు అడ్డుపడే మిడ్‌ఫీల్డ్ లేకపోతే ఎవరైనా చేస్తారు.

"ఓదార్పు బహుమతి ఇస్తున్నావా బావా?" అన్నాడు వాడు. నాకు ఒళ్లు మండింది. ఇంకా వాడి ఫోన్ ఎత్తలేదు.